కొత్తలంకపాలెం మరపు తరగతులు

దయామణి టీచరు పదిహేనేళ్లుగా పిల్లలకి చదువు చెబుతోంది గానీ, చెప్పిన చదువు మళ్లీ వెనక్కి తీసుకోవాల్సిన రోజొకటి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

దివిసీమలో కొత్తలంకపాలెం అనే ఊరి చివర, రొయ్యల చెరువులు మొదలయ్యే చోట, 'కొత్త వెలుగు బాలికల వసతి గృహం' ఉంది. అందులో ఇరవై రెండు మంది ఆడపిల్లలు. వాళ్ల అమ్మానాన్నలు పనుల కోసం ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లు. పిల్లలు పగలు ఊళ్లో బడికి పోతారు, సాయంత్రం హాస్టల్లో దయామణి దగ్గర చదువుకుంటారు. వార్డెనూ దయామణే, టీచరూ దయామణే, వంటావిడ రాని రోజున వంటావిడా దయామణే. వాళ్లమ్మ వేలిముద్ర మనిషి. అందుకని ఏ పిల్ల పలక మీద అక్షరం దిద్దినా దయామణికి అదొక సంబరం.

మూడు నెలలకోసారి ఆ హాస్టలుకి విదేశాల నుంచి వాలంటీర్లు దిగుతారు. స్కూలు చదువు అయిపోయి, కాలేజీలో చేరబోయే ముందు ఒక ఏడాది ప్రభువు సేవకని కేటాయించుకున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు. మంచివాళ్లే. దోమలు కుడుతున్నా నవ్వుతూ ఉంటారు. కాకపోతే ప్రతి బ్యాచీ వచ్చీ రాగానే బోర్డు మీద ఆపిల్ పండు బొమ్మ వేసేది. మొదటి బ్యాచీ వేసినప్పుడు పిల్లలు నేర్చుకున్నారు. రెండో బ్యాచీ వేసినప్పుడు చప్పట్లు కొట్టారు. నాలుగో బ్యాచీ చాక్‌పీసు చేతిలోకి తీసుకునే లోపే ఇరవై రెండు గొంతులు కలిసి "యాపిల్!" అన్నాయి. కెజియా అనే పిల్ల లేచి నిలబడి, స్పెల్లింగు చెప్పి, పండుకి ఆకు వేయలేదని కూడా ఇంగ్లీషులోనే గుర్తు చేసింది.

ఆ వాలంటీర్లు ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు రాశారు. ఈ పిల్లలకి మేం నేర్పడానికి ఏమీ మిగల్లేదు అని. దయామణి ఆ సంగతి విని మురిసిపోయి, ఆ ఆదివారం పిల్లలందరికీ కోడిగుడ్డు కూర వండించింది. నెల తిరక్కుండా సముద్రాల అవతల ఉన్న ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది.

ఉత్తరం పట్టుకుని ఆ హాస్టలు నడిపే సంఘం కార్యదర్శి రెవరెండ్ కృపావరంగారే స్వయంగా వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు. ఆయన మాట సగం బైబిలు, సగం కలెక్టరాఫీసు.

"వందనాలండీ అయ్యగారూ," అంది దయామణి.

"వందనములు. టీచరమ్మా, మన కేంద్రపు మార్పు సూచిక ఆరు. అరువది కాదు, ఆరు. ఎనుబదికి తగ్గిన యెడల కేంద్రమును మూసివేయవలెనని పై కార్యాలయము వారు ఆజ్ఞాపించియున్నారు."

"మార్పు సూచికంటే ఏంటండీ?"

"వాలంటీరు వచ్చిన దినమున బిడ్డకు ఎంత వచ్చును, వెళ్లు దినమున ఎంత వచ్చును, ఆ రెంటికీ నడుమ గల వ్యత్యాసము. మన బిడ్డలకు వచ్చిన దినముననే తొంబది నాలుగు మార్కులు. ఇక మారుటకు చోటేదీ?"

"అంటే మన పిల్లలకి బాగా వచ్చనేగా అండీ?"

"బాగా వచ్చుటయే ఇచ్చట సమస్య," అన్నారు కృపావరంగారు దిగులుగా.

ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, కళ్లు తెరిచి, మొదటి పెన్ను తీశారు. అక్కడే నిలబడి సర్క్యులర్ రాశారు. దాని పేరు 'విస్మరణ శిక్షణా కార్యక్రమము'. బ్యాచీకీ బ్యాచీకీ మధ్య పదిహేను రోజులు పిల్లలు తమకు వచ్చినదంతా మరచిపోవలెను. నేర్పినవారే మరపించుటకు అర్హులు గనుక ఆ బాధ్యత దయామణిది. హాజరు పట్టీ విడిగా పెట్టవలెను. చివర పరీక్ష. పూర్తిగా మరచినవారు ఉత్తీర్ణులు. సగం మరచినవారిని 'అర్ధ విస్మృతులు'గా నమోదు చేసి సప్లిమెంటరీకి కూర్చోబెట్టవలెను.

"మర్చిపోవడం ఎట్టా నేర్పిస్తామండీ?" అంది దయామణి.

"అది బోధనా పద్ధతికి సంబంధించిన అంశము. నాది పరిపాలన," అని ఆయన స్కూటరెక్కారు.

మర్నాడు సాయంత్రం దయామణి బోర్డు ముందు నిలబడి, ఎటో చూస్తూ, "పిల్లలూ, ఇవాళ మనం ఫ్రూట్స్ మర్చిపోదాం," అంది. చెప్పలేనంత సిగ్గేసింది ఆవిడకి. పిల్లలకి మాత్రం ఇంత మంచి పాఠం ఎప్పుడూ దొరకలేదు. మొదటి వారం పళ్లూ కూరగాయలూ, రెండో వారం జంతువులూ రంగులూ మర్చిపోయారు. ఆవు బొమ్మ చూపిస్తే నోరు తెరుచుకుని, తల గోక్కుని, పక్కపిల్ల మొహంలోకి చూడటంలో ఆరితేరారు. మూడో తరగతి పిల్లలకి ఆ గోక్కోవడం మరీ బాగా కుదిరింది.

మరపు పరీక్షలో తప్పింది కెజియా ఒక్కర్తే. నూటికి నూరు రాసింది. సప్లిమెంటరీలోనూ నూరే.

"ఆన్సరు తెలిసి తెలవనట్టు ఎట్టా రాయమంటారాంటీ?" అంది కళ్లనీళ్లు పెట్టుకుని. "చెయ్యి దానంతటదే రాసేస్తంది."

దయామణి ఆ పిల్లని దగ్గరికి తీసుకుని, "పోన్లే, పరీక్ష రోజున జొరమొచ్చిందని పడుకో," అని చెప్పింది.

అలా ఐదో బ్యాచీ సున్నాతో మొదలుపెట్టి తొంభై ఎనిమిదితో ముగించింది. మూడు నెలల్లో ఇంత మార్పు ఏ ఖండంలోనూ రాలేదని ప్రధాన కార్యాలయం షీల్డు పంపింది. కృపావరంగారు దాన్ని తన గదిలో గోడకి వేలాడదీసి, రోజూ తుడుచుకున్నారు. షీల్డు వెనకే కొత్త ఫారం వచ్చింది. ఇకనుంచి చదువొక్కటే కాదు, పళ్లు తోముకోవడం, చేతులు కడుక్కోవడం, థాంక్యూ చెప్పడం కూడా వాలంటీర్లే నేర్పాలి. కాబట్టి అవి కూడా ముందు రాకూడదు.

మరపు తరగతుల్లో కొత్త సబ్జెక్టులు చేరాయి. బ్రష్షులు పదిహేను రోజులు బీరువాలో ఉండాలని ఉత్తర్వు. దయామణికి అది మాత్రం మనసొప్పలేదు. పిల్లల్ని వంటగది వెనక్కి తీసుకెళ్లి గుట్టుచప్పుడు కాకుండా తోమించేది. ఒకరోజు కృపావరంగారు తనిఖీకి వచ్చి, పిల్లల్ని వరసగా నిలబెట్టి, వంగి వాసన చూశారు.

"టీచరమ్మా, ఇచ్చట పేస్టు వాసన వచ్చుచున్నది."

"సోంపు తిన్నారండీ," అంది దయామణి. ఆవిడ జీవితంలో అబద్ధాలాడిన వారం అదే మొదటిది, ఆ వారంలో ఇది నాలుగో అబద్ధం.

ఆ జూన్ నెలలో తొమ్మిదో బ్యాచీ వచ్చింది. బ్యాచీ అంటే మొత్తం కలిపి ఒక్కర్తే. స్కాట్లండు పిల్ల, ఎల్స్‌పెత్. రాగిరంగు జుట్టు, ఎండకి కందిపోయిన మొహం. ఎలీసబెతునే వాళ్ల దేశంలో అలా అంటారని తెలిసి పిల్లలు ఆ పూటే ఎలీసమ్మక్క అని పిలవడం మొదలుపెట్టారు.

మొదటి రోజు పరీక్షకి ఎలీసమ్మ బోర్డు మీద ఆపిల్ పండు వేసింది. అది వంకాయలా వచ్చింది. ఇదేంటని అడిగింది. ఇరవై ఒక్క నోళ్లు తెరుచుకున్నాయి, ఇరవై ఒక్క తలలు గోకబడ్డాయి. చెరిపి మళ్లీ వేసింది. మళ్లీ గోక్కున్నారు. మూడోసారి ఆ పిల్ల కుర్చీలో కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. అమ్మని వదిలి ఇంత దూరం రావడం అదే మొదలు, పైగా చేతకాని పని ఒప్పుకున్నానని భయం.

జొరమని మూల పడుకున్న కెజియా చూసి చూసి ఇక ఆగలేకపోయింది. లేచి ఇంగ్లీషులో, "యాపిల్, అక్కా. చాలా మంచి యాపిల్," అంది. అంతే, మిగతా వాళ్లూ లేచారు. ఆవు, ఏనుగు, పసుపు, ఎరుపు, గుడ్ మార్నింగ్, థాంక్యూ, అన్నీ అక్క కాళ్ల దగ్గర కుమ్మరించారు. మొదటి రోజు మార్కులు తొంభై ఆరు.

కృపావరంగారు ఆ కాగితం చూసి చాలాసేపు గోడమీది షీల్డు వంక చూశారు. తర్వాత రెండో పెన్ను తీసి, ఆ రోజు పరీక్ష జరగనే లేదని రాశారు.

ఆ మూడు నెలలూ బోర్డు దగ్గర ఎవరు ఎవరికి నేర్పారో చెప్పడం కష్టం. ఎలీసమ్మకి చెంబుతో స్నానం చేయడం రాదు. బకెట్టులో కూర్చోబోయింది. చారన్నం కలిపితే చారు మోచేతి దాకా వచ్చేది. బట్టలుతికితే సబ్బయిపోయేది గానీ మురికి పోయేది కాదు. పిల్లలు ఆ పిల్లని వంతులవారీగా పట్టుకున్నారు. ఒకర్తి జడ వేయడం నేర్పింది, ఒకర్తి ముగ్గు నేర్పింది, కెజియా అఆలు దిద్దించింది.

సెప్టెంబరు మొదటి వారంలో పెద్ద వార్త వచ్చింది. కొత్తలంకపాలెం సాధించిన మార్పుని కళ్లారా చూడటానికి ప్రధాన కార్యాలయం నుంచి మూల్యాంకన అధికారిణి మిస్ పెన్‌రోజ్ స్వయంగా వస్తున్నారు. పన్నెండో తారీకున.

"తొలి పరీక్ష జరగలేదు గనుక అది ఉదయము పది గంటలకు. తుది పరీక్ష అదే దినమున సాయంత్రము నాలుగు గంటలకు," అన్నారు కృపావరంగారు. "పదింటికి సున్నా, నాలుగింటికి నూరు. సృష్టి యావత్తూ ఆరు దినములలో జరిగెను. ఇది ఆరు గంటలలో జరుగుట కృప గాక మరేమి?"

దయామణి అసలు ఆయన గదికి వచ్చింది వేరే పని మీద. చేతిలో ఒక దరఖాస్తు ఉంది. జిల్లాలో గురుకుల పాఠశాలకి ఆరో తరగతి ప్రవేశాలు. ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న కెజియా రాస్తే సీటు వచ్చి తీరుతుందని దయామణి నమ్మకం. ఆ పిల్ల వాళ్లమ్మ ఇటుక బట్టీ దగ్గర్నుంచి ఫోన్ చేసి, దీన్ని ఎట్టాగైనా గట్టెక్కించమ్మా అని ఒకటే పోరు. దరఖాస్తుకి ఒక్క కాగితం తక్కువైంది. పిల్లకి ఇంగ్లీషు చదవడం రాయడం వచ్చని హాస్టలు కార్యదర్శి సంతకం చేసిన ధ్రువపత్రం. ఆఖరు తేదీ పన్నెండు, సాయంత్రం ఐదింటి లోపు టౌనులో ఇవ్వాలి.

"అసాధ్యము," అన్నారు కృపావరంగారు. "ఆ దినము ఉదయము ఈ బిడ్డకు ఇంగ్లీషు సున్నా అని సంతకము చేయవలెను. అదే దినమున అదే చేతితో ఇంగ్లీషు వచ్చునని ఎట్లు చేయుదును? నాకున్నది ఒక్కటే సంతకము గదా."

"నాలుగింటికి నూరు వస్తది గదండీ, అప్పుడు చెయ్యండి. ఆటో కట్టించుకునైనా పోతాం."

"నాలుగు గంటలకు నేర్చిన బిడ్డను నాలుగు గంటల పది నిమిషములకు ధ్రువీకరించుట నిబంధనలకు విరుద్ధము. కనీసము ఆరు మాసములు కావలెను."

దయామణికి ఒళ్లు మండింది. బయటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ కెజియాకి సంగతి చెప్పింది.

"మర్చిపోతేనేమో హాస్టలుంటది. గుర్తుంటేనేమో నాకు సీటొస్తది," అంది కెజియా. "ఏం చెయ్యమంటారాంటీ?"

దయామణి ఆ పిల్లని ఏడిపించకుండా తనే వంటగదిలోకి వెళ్లి ఏడ్చింది.

పదకొండో తారీకు మధ్యాహ్నం, దరఖాస్తుకి అంటించాల్సిన ఫొటోల కోసం దయామణి కెజియా పెట్టె తెరిచింది. ఫొటోల కింద అట్ట వేసిన నోటుబుక్కు ఒకటి కనిపించింది. మొదటి పేజీ తిప్పగానే ఆవిడ అక్కడే నేలమీద చతికిలబడింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తమ మీద నింపుతున్న ఫారాలు చూసి చూసి, కెజియా కూడా ఒక ఫారం తయారుచేసుకుంది. గీతలు, గడులు, తేదీలు, అన్నీ పద్ధతి ప్రకారం.

'లబ్ధిదారు పేరు: ఎలీసమ్మక్క. మార్పు తెచ్చినవారు: మేము 22 మంది. జూన్ 14. చెంబుతో స్నానం 0. అన్నం కలపడం 0. బట్టలుతకడం 0. జడ 0. తెలుగు 0. బస్సులో సీటు పట్టడం 0.' ఆ కింద వారం వారం మార్కులు. పక్కన సాక్షుల సంతకాలు. సెప్టెంబరుకి వచ్చేసరికి ఒక్కటి తప్ప అన్నీ పదికి పది. బస్సులో సీటు పట్టడం మాత్రం మూడుసార్లు పరీక్ష పెట్టినా సున్నా దగ్గరే ఉంది.

దయామణి నవ్వడం మొదలుపెట్టింది. పిల్లలు పరిగెత్తుకొచ్చి చూసేసరికి ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

పన్నెండో తారీకు పది గంటలకి మిస్ పెన్‌రోజ్ వచ్చారు. పొడుగ్గా, సన్నగా, చేతిలో అట్ట, అట్టకి కాగితాలు. ఆవిడ కుర్చీలో కూర్చోగానే కృపావరంగారు లేచి, అంధకారమందున్న బిడ్డలను గూర్చి నాలుగు మాటలు చెప్పబోయారు. దయామణి ముందుకొచ్చింది.

"ఎలీసమ్మా, నేను చెప్పేది ఆవిడకి ఇంగ్లీషులో చెప్పు తల్లీ. ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

"అట్టాగేనాంటీ," అంది ఎలీసమ్మ.

మిస్ పెన్‌రోజ్ ఉలిక్కిపడి ఆ పిల్ల వంక చూశారు. అక్కడికే సగం పరీక్ష అయిపోయింది.

దయామణి ఆవిడ ముందు నోటుబుక్కు పెట్టింది. ఈ పిల్లలకి అన్నీ వచ్చని, ఏటా నాలుగుసార్లు మర్చిపోయి మర్చిపోయి అలిసిపోయారని చెప్పింది. "మీరు పంపే పిల్లలు మాత్రం నిజంగా సున్నాతో వస్తారమ్మా. ఏ బ్యాచీ చూసినా అంతే. వాళ్లకి మేం ఏదీ మరపించక్కర్లా," అంది. కృపావరంగారు కుర్చీలో కూలబడి దాని చేతులు గట్టిగా పట్టుకున్నారు.

మిస్ పెన్‌రోజ్ నోటుబుక్కు మొదటి నుంచి చివరిదాకా చదివించుకున్నారు. తర్వాత తన నిబంధనల పుస్తకం తీసి, నలభై పేజీలూ తిరగేశారు. ఆఖరికి పుస్తకం మూసి ఏదో అన్నారు.

ఎలీసమ్మ తెలుగు చేసింది. "వాలంటీరు లబ్ధిదారు కాకూడదని పుస్తకంలో ఎక్కడా లేదంటండీ. తేదీలతో సహా, సాక్షులతో సహా, నిజం సున్నా ఈవిడ ఇప్పటిదాకా చూడలేదంట. కానీ బస్సు విషయం సున్నా ఉంది కాబట్టి సూచిక ఎనభై మూడే వస్తదంట."

"ఎనుబది దాటెను!" అని కృపావరంగారు లేచి నిలబడ్డారు. మనిషి మొహం వెలిగిపోయింది. "ఈ వినూత్న ప్రణాళికను గత మూడు మాసములుగా నేను రహస్యముగా అమలుపరచుచుంటిని."

"అయితే కెజియాకి సున్నా వెయ్యక్కర్లా గదండీ," అని దయామణి ధ్రువపత్రం ఆయన ముందు పెట్టింది. మూడో పెన్ను అప్పుడు బయటికొచ్చింది. ఆయన సంతకం చేసి, అడక్కపోయినా, 'బోధనానుభవము కలదు' అని కూడా చేర్చారు.

మూడు గంటలకి అందరూ బస్టాపులో ఉన్నారు. దయామణి, దరఖాస్తు గుండెలకి హత్తుకున్న కెజియా, ఎలీసమ్మ, ఆ మిగిలిన సున్నా సంగతేంటో చూస్తానని వచ్చిన మిస్ పెన్‌రోజ్. టౌనుకి అదే ఆఖరి బస్సు. అది కనపడేసరికే ఒకటో రెండో సీట్లు తప్ప నిండి ఉంది. జనం తలుపు వైపు దూసుకెళ్లారు. ఎలీసమ్మ అటు వెళ్లలేదు. బస్సు ఇంకా ఆగకముందే పక్కన పరిగెత్తుతూ, నడుముకి దోపుకున్న చేతిరుమాలు తీసి, కిటికీలోంచి గురి చూసి సీటు మీదికి విసిరింది.

తోసుకుంటూ ఎక్కేసరికి ఆ సీట్లో, రుమాలు పక్కకి జరిపి, మిస్ పెన్‌రోజ్ కూర్చుని ఉన్నారు. విదేశీ అమ్మ కదా అని జనం దారిచ్చారు.

"లెగండమ్మా లెగండి," అంది ఎలీసమ్మ, రెండు చేతులూ తిప్పుతూ, అచ్చ తెలుగులో. "రుమాలు కనపట్లా? అది మా కెజియా సీటు!"

బస్సంతా గొల్లున నవ్వింది. మిస్ పెన్‌రోజ్‌కి మాట అర్థం కాకపోయినా విషయం అర్థమై లేచి నిలబడ్డారు. కెజియా కూర్చుని, నోటుబుక్కు తీసి, ఎలీసమ్మక్కకి పది వేసింది. తర్వాత పేజీ తిప్పి, కొత్త గడులు గీసుకుని రాసింది. 'లబ్ధిదారు పేరు: పెన్‌రోజమ్మగారు. బస్సులో సీటు పట్టడం 0.'

ఐదింటికి పావుగంట ముందు దరఖాస్తు ఇచ్చేశారు. కెజియా పరీక్ష రాసింది. చెయ్యి దానంతటదే రాసేసింది. జిల్లాలో మూడో స్థానంలో సీటొచ్చింది. వాళ్లమ్మ ఇటుక బట్టీ నుంచి వచ్చి, దయామణి చేతులు పట్టుకుని నిలబడింది.

కొత్తలంకపాలెం పద్ధతి ప్రధాన కార్యాలయానికి తెగ నచ్చింది. అన్ని కేంద్రాలకీ కొత్త ఉత్తర్వు వెళ్లింది. ఇకమీదట లబ్ధిదారులు వాలంటీర్లే. వారు వచ్చునప్పుడు ఏమీ రాకుండా రావలెను. మరపు తరగతులు ఆగిపోయాయి, బ్రష్షులు బీరువాలోంచి బయటికొచ్చాయి, కృపావరంగారి గోడమీద రెండో షీల్డు ఎక్కింది.

మరుసటి ఏడు వేసవిలో దయామణికి స్కాట్లండు నుంచి ఉత్తరం వచ్చింది. అక్షరాలు లావుగా, కెజియా దిద్దించినట్టే ఉన్నాయి.

'దయామణి ఆంటీకి ఎలీసమ్మ వందనాలు. మళ్లీ మన హాస్టలుకి రావాలని దరఖాస్తు పెట్టాను. నాకు అన్నీ వచ్చు కాబట్టి సూచిక పడిపోతుందన్నారు. ముందు మర్చిపొమ్మన్నారు. పదిహేను రోజులు తరగతులు పెట్టారు. ఆఖర్న పరీక్ష. అన్నం, పప్పు పెట్టి పక్కన స్పూను ఉంచారు. తప్పానాంటీ. నిన్న సప్లిమెంటరీ పెట్టారు, అదీ తప్పాను. నేనేం చేసేది? చెయ్యి దానంతటదే కలిపేస్తంది.'